పిల్లల చేతికి ముందు స్క్రూడ్రైవర్ ఇవ్వండి

జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఏళ్ళ తరబడి ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన టీచరు గారు పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలామంది ఒకటే అడిగారు. పిల్లలు సైన్స్, ఇంజినీరింగ్ వైపు వెళ్ళాలంటే ఇంట్లో, బళ్ళో ఏం చెయ్యాలి అని. అందులో అయిదు ఉత్తరాలు ఎంచుకున్నాను.

ప్రశ్న: టీచరు గారూ, మా అబ్బాయి ఏడో తరగతి. చిన్నప్పటి నుంచి ఏ వస్తువైనా విప్పి చూడందే ఊరుకోడు. పాత రేడియో, మిక్సీ, గోడ గడియారం అన్నీ విప్పేశాడు. ఈ ఏడాది స్కూలువాళ్ళు ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్‌లో వేస్తామంటున్నారు. 40 వేలు అదనం. రోజూ సాయంత్రం ఆరున్నర దాకా క్లాసులు, ఆదివారం పరీక్ష. చేర్చకపోతే వెనకబడిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. చేర్చాలా, వద్దా?
ఒక తల్లి, అనంతపురం

వద్దమ్మా. మీవాడికి అస్సలు వద్దు.

ఐఐటీలో సీటు కోసం రాసే జేఈఈ పరీక్ష అడిగేది ప్రధానంగా ఇంటర్ రెండేళ్ళ సిలబస్. మీవాడు ఇంటర్ గడప తొక్కడానికి ఇంకా మూడేళ్ళ పైనే ఉంది. ఈ వయసులో వాడికి కావలసినవి గట్టి లెక్కలు, చదివింది అర్థం చేసుకునే ఓపిక, వస్తువుల మీద ఇప్పుడున్న ఆ కుతూహలం. మొదటి రెండూ మామూలు స్కూలు పుస్తకంతో వస్తాయి. మూడోది దేవుడిచ్చాడు. సాయంత్రం ఆరున్నర దాకా కూర్చోబెట్టి నాలుగు ఆప్షన్లలో ఒకదానికి చుక్క పెట్టించడం మొదలుపెడితే ముందు పోయేది అదే.

ఇలాంటి సెక్షన్లలో చదివి తొమ్మిదిలో మా స్కూలుకు వచ్చిన పిల్లలు ఉండేవారు. ఓం నియమం అడిగితే సూత్రం టక్కున చెప్పేవాళ్ళు. వాళ్ళ చేతికి ఒక టార్చి సెల్లు, ఒక చిన్న బల్బు, ఒకే ఒక్క వైరు ముక్క ఇచ్చి వెలిగించమనేదాన్ని. చాలామంది బల్బు అడుగును సెల్లు మీద ఆనించి, వైరును పట్టుకుని అటూ ఇటూ చూసేవారు. బల్బుకు రెండు చోట్ల కనెక్షన్ కావాలి. ఒకటి అడుగున ఉండే బొడిపె, రెండోది పక్కనున్న లోహపు తొడుగు. అడుగును సెల్లు పైకొనకు ఆనించి, తొడుగు నుంచి వైరును సెల్లు కిందికి తీసుకెళ్తే వెలుగుతుంది. ఒకసారి వాళ్ళ చేతిలో వెలిగాక విద్యుత్ వలయం అంటే ఏమిటో నేను మళ్ళీ చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఈ రాత్రి మీవాడికి ఇచ్చి చూడండి. ఎలాగో మాత్రం చెప్పకండి.

ఇంకొకటి. డాబా మీద నీడ పడని చోట ఒక కర్రను నిటారుగా నిలబెట్టించండి. పదకొండున్నర నుంచి పన్నెండూ ముప్పావు దాకా, పది నిమిషాలకోసారి నీడ కొస దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టమనండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడే అసలైన మధ్యాహ్నం. మీ అనంతపురంలో అది పన్నెండింటికి రాదు, సంవత్సరం పొడుగునా సగటున చూస్తే సుమారు 12 గంటల 20 నిమిషాలకు వస్తుంది. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. ఆ గీత కాకినాడ పక్కనుంచి పోతుంది. మీరు దానికి దాదాపు అయిదు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు. "కాకినాడలో ఉన్నవాళ్ళకు ముందే ఎందుకు మధ్యాహ్నమైంది?" అని మీవాడే అడుగుతాడు. అడిగితే వెంటనే జవాబు చెప్పెయ్యకండి, అట్లాసు ఇవ్వండి. ఏప్రిల్ ఆఖరు, మే మొదటి రోజుల్లో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి మీ ఊళ్ళో ఆ నీడ పూర్తిగా మాయమవుతుంది. హైదరాబాద్‌లో అయితే మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో. ఆ రోజు కర్ర పక్కన నిలబడినవాడికి భూమి అక్షం ఒరిగి ఉండటం గురించి బట్టీ పట్టే అవసరం రాదు.

40 వేలు అక్కర్లేదమ్మా. స్క్రూడ్రైవర్ల సెట్టు, కరెంటు, వోల్టేజి కొలిచే మల్టీమీటరు, తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ కలిపి రెండు వేల లోపే వస్తాయి. మూడు షరతులు మాత్రం పెట్టండి. ప్లగ్గు పీకకుండా ఏదీ విప్పకూడదు. పాత డబ్బా టీవీలు, మైక్రోవేవ్ ఓవెన్లు అసలు ముట్టుకోకూడదు, ప్లగ్గు పీకాక కూడా వాటిలో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉంటుంది. సోల్డరింగ్ పక్కన పెద్దవాళ్ళు ఉండగానే. విప్పిన ప్రతి వస్తువుకూ ఒక బొమ్మ గీసి, ఏ ముక్క ఏం పని చేస్తుందో రాయమనండి. తిరిగి బిగించాక స్క్రూలు మిగిలితే మిగలనివ్వండి, తిట్టకండి.

లెక్కలు మటుకు రోజూ గంటసేపు చేయించండి. అందులో వెనకబడితే ఆ తర్వాత ఫిజిక్స్ ఎంత ఇష్టమున్నా చదవలేడు. అక్కడ తేడా కనిపిస్తే ట్యూషన్ పెట్టించండి, తప్పులేదు.

ప్రశ్న: నమస్తే టీచర్. నాకు జనగామ దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. మా బిడ్డ పదో తరగతి. సెలవొస్తే షాపులోనే ఉంటది. యాసంగిలో కాలిన మోటార్లు వరస కడితే పాత కాయిల్ చుట్లు లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాసేది తనే. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతానంటోంది. చుట్టాలేమో ఆడపిల్లకు కరెంటు పనేంది, ఇంటర్ చదివించి కంప్యూటర్స్‌లో వెయ్యమంటున్నరు. నాకేమీ తోచట్లేదు.
ఒక తండ్రి, జనగామ జిల్లా

తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బిడ్డ అడుగుతున్నది సరైన చదువు, ధైర్యంగా పంపండి.

పదో తరగతి ఫిజిక్స్‌లో విద్యుదయస్కాంతత్వం పాఠం ఉంది. ఎక్కువమంది పిల్లలు ఆ పాఠంలో మోటారు బొమ్మను గీసి, భాగాల పేర్లు రాసి మార్కులు తెచ్చుకుంటారు. మీ అమ్మాయి స్లాట్లలోంచి మాడిన తీగ లాగింది, గేజి కొలిచింది, చుట్లు లెక్కపెట్టింది, వార్నిష్ వాసన పీల్చింది. ఆమెను ఒక ప్రశ్న అడగండి: మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు ఎందుకు కాలుతుంది? మిగిలిన రెంటి మీద భారం పడి అవి ఎక్కువ కరెంటు లాగుతాయని, వేడికి తీగ మీది పూత మాడిపోతుందని ఆమె చెప్పగలిగితే, ఇంజినీరింగ్ ఆమెకు మొదలైనట్టే.

ఆడపిల్లకు కరెంటు పనేమిటి అన్నవాళ్ళకు ఒకరి సంగతి చెప్పండి. అయ్యలసోమయాజుల లలిత అని మన తెలుగావిడే. 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనేళ్ళకు పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకు భర్త పోయారు. చేతిలో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆయన కూతురి పక్షాన నిలబడి, పైవాళ్ళ అనుమతి తెప్పించి, 1940లో అదే కాలేజీలో చేర్పించారు. అప్పటిదాకా అక్కడ ఆడపిల్ల అడుగు పెట్టలేదు. డిగ్రీ పట్టా కాగితం మీద మగవాళ్ళను ఉద్దేశించే మాటే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి ఆవిడ కోసం చేత్తో దిద్దారు. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొంది, తర్వాత కలకత్తాలో ఒక పెద్ద ఎలక్ట్రికల్ కంపెనీలో ఏళ్ళ పాటు పనిచేశారు. భాక్రానంగల్ ప్రాజెక్టు పనిలో ఆవిడ చెయ్యి ఉంది. ఆవిడ వెనకే గిండీలో సివిల్ చదివిన పి.కె. త్రేసియా 1971లో కేరళ పబ్లిక్ వర్క్స్ శాఖకు చీఫ్ ఇంజినీరయ్యారు. లలిత గారు కాలేజీలో చేరింది ఎనభై ఏళ్ళ కిందటి మాట, తమ్ముడూ. జనగామ చుట్టాలు ఇవాళ కూడా అదే మాట అనడం నాకు కష్టంగా ఉంది.

ఇక దారి. పదో తరగతి పరీక్షలు కాగానే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాయించండి. డిప్లొమా మూడేళ్ళు. అది అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా సీటొస్తుంది. కాబట్టి పాలిటెక్నిక్‌కు వెళ్తే డిగ్రీ పోతుందన్న భయం అక్కర్లేదు. విద్యుత్ సంస్థల్లో సబ్ ఇంజినీరు పోస్టులకు డిప్లొమా చాలు. ఒకవేళ ఆమె మనసు మారి ఎంపీసీ చదివి ఎప్‌సెట్ రాస్తానన్నా మంచిదే. కంప్యూటర్స్ కూడా గొప్ప చదువే, ఇష్టపడి తీసుకున్నవాళ్ళకు. మీ అమ్మాయి మోటార్ల పక్కన కూర్చుంటోంది కదా, ఆమె ఇష్టం ఎటుందో మీకు రోజూ కనిపిస్తూనే ఉంది.

ఈ లోపు మెగ్గర్ మీటరు పెట్టి తీగల ఇన్సులేషన్ చూడటం నేర్పండి. రైతు మోటారు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, "ఇది మా బిడ్డ కట్టింది" అని ఆమె ముందే చెప్పండి.

ప్రశ్న: టీచరు గారూ, నేనూ ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌నే. మా ల్యాబంటే పగిలిన బీకర్లున్న ఒక బీరువా. పీరియడ్ నలభై నిమిషాలు, సిలబస్ అయితే చాలన్నట్టుంది. పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు ఏటా పేర్లు పంపుతాం. ఎగ్జిబిషన్ ముందురోజు తల్లిదండ్రులు షాపులో రెడీమేడ్ మోడల్ కొనిస్తున్నారు. నిజమైన సైన్స్ ఎలా చేయించాలి?
ఒక ఉపాధ్యాయుడు, కైకలూరు దగ్గర

మాస్టారూ, హైడ్రాలిక్ జేసీబీ, సెన్సార్ చెత్తబుట్ట, థర్మాకోల్ అగ్నిపర్వతం. ఇవేగా మీరు చెప్పేది? జిల్లా ఎగ్జిబిషన్లలో జడ్జీగా కూర్చున్నప్పుడల్లా వరసగా ఇవే చూసేదాన్ని. పిల్లని "లోపల ఏముందమ్మా?" అని అడిగితే వెనకనున్న తండ్రి జవాబిచ్చేవాడు.

బీరువా సంగతి పక్కన పెట్టండి. ఆమ్లాలు, క్షారాల పాఠానికి మీకు కావలసిన సామానంతా వంటింట్లో ఉంది. పారాణి ఎలా కలుపుతారని ఆడపిల్లల్ని అడగండి. పసుపులో సున్నం వేస్తే ఎర్రబడుతుందని క్లాసులో సగం మందికి తెలుసు. ఇప్పుడు పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలు పంచి, సబ్బునీళ్ళు, నిమ్మరసం, వంటసోడా, చింతపండు పులుసు, మజ్జిగ ముందు పెట్టండి. కాగితం తడపక ముందే, దేనికి ఎర్రబడుతుందో, దేనికి మారదో ప్రతి ఒక్కరి చేతా నోట్సులో రాయించండి. ఈ రాయించడమే అన్నిటికంటే ముఖ్యం. ఊహ రాసుకోని పిల్ల రంగు చూసి "బాగుంది" అంటుంది. రాసుకున్న పిల్ల తన ఊహ తప్పినప్పుడు ఎందుకని ఆగి ఆలోచిస్తుంది. తర్వాత ఎర్రబడిన కాగితం మీద నిమ్మరసం పిండించండి. పసుపు తిరిగొస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు లేచి, కూర మరక పడిన యూనిఫాం ఉతికేటప్పుడు మరక ఎందుకు ఎర్రబడుతుందో తామే చెప్తారు. వాళ్ళు చెప్పేదాకా మీరు నోరు విప్పకండి. నలభై నిమిషాల్లో ఇదంతా అయిపోతుంది. మర్నాడు శంఖుపూల రసంతో చేయించండి. అది ఆమ్లానికి ఎరుపు వైపు, క్షారానికి ఆకుపచ్చ వైపు తిరుగుతుంది, కాబట్టి పసుపు చూపించని తేడా కూడా తెలుస్తుంది.

ఇక మానక్. మీది కైకలూరు. మీ పిల్లల్లో ఎంతమంది నాన్నలు చేపల చెరువుల మీద బతుకుతున్నారో లెక్క తీయండి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం ఆ పిల్లలు చూసే ఉంటారు. అది మధ్యాహ్నం కాకుండా తెల్లవారుజామునే ఎందుకు జరుగుతుంది? పగలు నాచు, నీటిలోని సన్నటి మొక్కలు ఎండతో ఆక్సిజన్ చేస్తాయి. రాత్రి అవి కూడా చేపలతో పాటు ఆక్సిజన్ పీల్చుకునేవే. తెల్లారేసరికి నీళ్ళలో అది అడుగంటుతుంది. పీహెచ్ కూడా అంతే, మధ్యాహ్నానికి పెరిగి తెల్లారేసరికి తగ్గుతుంది. రైతుల దగ్గర పీహెచ్ కిట్లు ఉంటాయి. ఒక వారం పాటు పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి కొలిచి గ్రాఫు గీయమనండి. గ్రాఫు చేతిలో ఉన్న పిల్ల దగ్గర్నుంచి, ఏరేటర్ ఎప్పుడు వెయ్యాలి, కరెంటు ఎలా మిగుల్చుకోవాలి లాంటి ఆలోచనలు వాటంతటవే పుడతాయి. అలాంటి ఆలోచన పంపండి.

ఎంపికైతే 10,000 రూపాయలు పిల్ల ఖాతాలోనే పడతాయి. ఆ డబ్బుతో ఏం కొనాలో పిల్ల చేతే లిస్టు రాయించి, తల్లిదండ్రులను పిలిచి ఒక మాట స్పష్టంగా చెప్పండి: మోడల్ వంకరగా ఉన్నా ఫర్వాలేదు, పిల్ల చేసిందై ఉండాలి. హెడ్మాస్టరు గారు కూడా పక్కన ఉంటే మాటకు బలం ఉంటుంది. సైన్స్ ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక వాళ్ళు హైస్కూలు పిల్లలకు చెకుముకి సంబరాలు అనే సైన్స్ పోటీలు పెడతారు. అందులోనూ పాల్గొనేలా చూడండి. పక్క స్కూళ్ళ పిల్లలతో కూర్చుని జవాబులు వెతకడం మనవాళ్ళకు మంచి అలవాటు.

ప్రశ్న: మేడమ్, నేను పాతికేళ్ళుగా డల్లాస్‌లో ఉంటున్నాను. చదువుకున్న ఊరి హైస్కూలుకు సైన్స్ కోసం ఏదైనా చెయ్యాలని ఉంది. రోబోటిక్స్ కిట్లు పంపమంటారా, ట్యాబ్‌లా?
ఒక పూర్వ విద్యార్థి

బాబూ, కిట్లు పంపే ముందు వాటిని పిల్లల చేత వాడించే మనిషి ఎవరో తేల్చుకోండి. ఖరీదైన వస్తువు చెడిపోతే సంజాయిషీ రాయాల్సి వస్తుందని భయపడి బీరువాలో పెట్టి తాళం వేసే స్కూళ్ళు చాలా చూశాను. అందులో ఆ టీచర్ల తప్పు లేదు. పోయినా ఫర్వాలేదనిపించే వస్తువులు ఎక్కువ సంఖ్యలో ఇవ్వండి. బెంచీకొక మల్టీమీటరు, అయస్కాంతాలు, కటకాలు, రాగితీగ, స్ప్రింగ్ త్రాసులు. మనూ ప్రకాశ్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో తయారుచేసిన కాగితపు మైక్రోస్కోపు ఫోల్డ్‌స్కోప్ అలాంటిదే, మడతపెట్టి జేబులో వేసుకోవచ్చు. పగిలినవాటి బదులు కొత్తవి కొనడానికి ఏటా కొంత డబ్బు కేటాయించండి. కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ ఆవరణకు ఒకసారి వెళ్ళి చూస్తే, తక్కువ ఖర్చుతో చేతికందే ప్రయోగాలు ఎలా ఉంటాయో మీకే తెలుస్తుంది.

డబ్బు కంటే ముందు, నెలకొక శనివారం గంటసేపు వీడియో కాల్‌లో పిల్లలతో మాట్లాడండి. మీ జీతం గురించి వద్దు. ఆ వారం మీ పనిలో ఏది చెడిపోయింది, ఎలా బాగుచేశారు, అది చెప్పండి.

ప్రశ్న: టీచర్, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా నాన్న తాపీ మేస్త్రి. నాకు సైంటిస్ట్ అవ్వాలని ఉంది. కానీ మార్కులు 70 దాటవు, ఇంగ్లిష్ అంటే భయం. నాలాంటి వాళ్ళు సైంటిస్టులు అవుతారా?
ఒక విద్యార్థిని, భీమవరం దగ్గర పల్లెటూరు

అవుతారు తల్లీ. మీ ఊరి పక్కనే పుట్టినాయన అయ్యారు.

స్కూల్లో మీకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు కదా. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతి కనుక్కున్న బృందానికి పెద్ద, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన నడిపిన పరిశోధనశాలలోంచే వచ్చింది. ఆయన మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. కాబట్టి 70 మార్కులు చూసి నువ్వు దిగులు పడకు. అలాగని అక్కడే ఆగిపోకు కూడా. ఏ పాఠంలో మార్కులు పోతున్నాయో చూసుకుని, ఆ పాఠం టీచర్ని మళ్ళీ అడుగు. పోయేవి లెక్కల్లోనైతే ఎనిమిదో తరగతి పుస్తకం నుంచి మళ్ళీ మొదలుపెట్టు.

ఇంగ్లిష్ గురించి. మీ సైన్స్ పుస్తకంలో ఒక పక్క ఇంగ్లిష్, ఎదురుపేజీలో తెలుగు ఉంటుంది. ముందు తెలుగు పేజీ చదివి విషయం అర్థం చేసుకో. తర్వాత ఇంగ్లిష్ పేజీ పైకి చదువు. రోజుకొక పేజీ చాలు. ఇంటర్‌కు వచ్చేసరికి సైన్స్ ఇంగ్లిష్ నీకు అలవాటైపోతుంది. జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తారు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే.

పది తర్వాత నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కుల మీదే సీటు, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు స్కోరు కలుపుతారు. ఆరేళ్ళ చదువు, ఇంటర్, బీటెక్ కలిపే. కానీ నువ్వు సైంటిస్ట్ అన్నావు కాబట్టి ఇంకో పేరు గుర్తుపెట్టుకో: ఐసర్, సైన్స్ చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన విద్యాసంస్థ. తిరుపతి ఐసర్ ఏర్పేడు దగ్గర ఉంది. ఇంటర్ తర్వాత ఐఏటీ అనే పరీక్ష రాసి చేరతారు. అయిదేళ్ళు సైన్సే చదివి, సొంతంగా పరిశోధన చేసి బయటికొస్తారు. ఎంపీసీ వాళ్ళూ వెళ్ళొచ్చు, బైపీసీ వాళ్ళూ వెళ్ళొచ్చు. చాలామంది పిల్లలకు ఈ పేరే తెలియదు, మీ క్లాసులో అందరికీ చెప్పు.

మీ ఇంట్లో తమ్ముడో చెల్లో ఎనిమిదిలోకి వస్తుంటే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష తప్పకుండా రాయించు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపుండి, ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళలో చదివేవాళ్ళు రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 వస్తాయి.

నీకు ఈ ఏడాదే ఉన్న అవకాశం ఇంకొకటి ఉంది. ఇస్రో వాళ్ళ యువికా శిబిరం. 2019లో మొదలుపెట్టారు. తొమ్మిదో తరగతి పిల్లలను వేసవిలో రెండు వారాలు తమ కేంద్రాలకు తీసుకెళ్ళి, శాస్త్రవేత్తలతో మాట్లాడించి, చేత్తో పనులు చేయిస్తారు. ఖర్చు వాళ్ళదే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్లలో పాల్గొనడం చూస్తారు, గ్రామ పంచాయతీ పరిధిలోని స్కూళ్ళ పిల్లలకు అదనంగా వెయిటేజీ ఇస్తారు. అంటే మీ ఊళ్ళో చదవడం నీకు ఇక్కడ పనికొస్తుంది. నోటిఫికేషన్ సాధారణంగా ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది. ఎనిమిదో తరగతి మార్కుల లిస్టు ఇప్పుడే వెతికి పెట్టుకో, దరఖాస్తు మీ సైన్స్ టీచర్ దగ్గర కూర్చుని నింపు. ఎక్కడైనా అర్థం కాకపోతే నాకు మళ్ళీ ఉత్తరం రాయి, వెంటనే జవాబిస్తాను.